రెండు గీతల మధ్య నూనె

కృష్ణా డెల్టాలో రాకపోకల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా ఆనకట్టతో మొదలుపెడతారు. కాదంటే రైలు వంతెనతో. నేను ఈ టపాను ఒక ఉక్కు బద్దతో మొదలుపెడుతున్నాను. లారీ ఇంజను ప్రక్కన సన్నని గొట్టంలోకి దిగి ఉండే ఆ బద్దను పుస్తకాలు డిప్‌స్టిక్ అంటాయి. మన డ్రైవర్లు, మేస్త్రీలు గేజి అంటారు. దాని కొసన రెండు గీతలుంటాయి. ఇంజను అడుగున ఉండే తొట్టిని మేస్త్రీలు చాంబరు అంటారు. అందులోని నూనె ఆ రెండు గీతల మధ్య నిలవాలి. క్రింది గీతకు దిగితే పోయాలి, పై గీతను దాటితే తీయాలి. విషయమంతా ఇంతే అనిపిస్తుంది.

తెలుగు పండితునికి లారీ నూనెతో ఏమి పని అని బ్లాగ్మిత్రులు నవ్వుకోవచ్చు. ముప్ఫై యేళ్ళకు పైగా జిల్లా పరిషత్తు పాఠశాలల్లో సంధులు, సమాసాలు చెప్పినవాణ్ణి. నా వద్ద చదువుకొని బెజవాడ ఆటోనగర్‌లో స్థిరపడిన పిల్లలు కొందరున్నారు. పదవీ విరమణకు ముందూ తర్వాతా వారి షెడ్లలో కూర్చొని విన్న పాఠాలు నాకు చాలా ఉన్నాయి. పాత లారీలో నూనె సరిగా ఉన్నదా లేదా అన్న చిన్న ప్రశ్నకు వారు చెప్పిన సమాధానం వెంట పోతే, మన ప్రాంతపు డెబ్బై యేళ్ళ చరిత్ర దాని వెనుక కనబడింది. అందుకే ఈ వ్యాసం.

ముందు మాట సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. వృత్తి దోషం, మన్నించాలి. ఏ డ్రైవరూ ఇంజనులో "నూనె" పోశానని అనడు, "ఆయిల్" పోశానంటాడు. నూనె అంటే వంటకు, దీపానికి అని మన చెవికి అలవాటు. నిజానికి నూనె అంటే నువ్వుల నెయ్యి. సంస్కృతంలో తైలమూ తిలల నుండి వచ్చినదే, తిలలంటే నువ్వులే. ఇంగ్లీషువారి ఆయిల్ ఆలివు పండు నుండి పుట్టిన మాట. మూడు మాటలూ గానుగలో పుట్టి, భూమిలోని రాతినూనెకు కూడా అమరినవే. కాబట్టి లారీ ఇంజనుకు నూనె అన్న మాట వాడితే తప్పేమీ లేదని నా మనవి.

ఇక అసలు ప్రశ్న. కొత్త బండికి ఈ ప్రశ్న ప్రశ్నే కాదు. ఫ్యాక్టరీలో ఆ ఇంజనుకు ఆ చాంబరు, ఆ గొట్టం, ఆ గేజి కలిపి తయారుచేసి పంపుతారు. గీతలు చెప్పిన మాట నమ్మితే చాలు. పాత లారీకి అలా కాదు. ఇంజను ఒకచోటిది, చాంబరు మరొకచోటిది, గేజి ఇంకొకచోటిది కావచ్చు. మన ప్రాంతంలో ఇట్లా జరగడానికి కారణాలున్నాయి. వాటికోసం కొంచెం వెనక్కు వెళ్ళాలి.

కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ సంకల్పం, కెప్టెన్ ఆర్ నిర్మాణం. ఆ ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరిచ్చేవే గాక సరుకుకు దారులు కూడా. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. దక్షిణాన కొమ్మమూరు కాలువ, దాని తర్వాత బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా పడవ దారి కల్పించాయి. ధాన్యం, ఉప్పు, కలప, సున్నం అన్నీ పడవల మీదనే నడిచాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. అయినా ఊరి కళ్ళం నుండి కాలువ రేవుకో, రైలు స్టేషనుకో చేర్చేది ఎడ్లబండి. లారీ అన్నది ఈ వ్యవస్థలో చాలాకాలం అతిథి మాత్రమే.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సులకు వెనుక బొగ్గు పొయ్యి కట్టి, ఆ వాయువుతో ఇంజను నడిపిన రోజులవి. మా పెద్దలు "బొగ్గు బస్సు" అని చెప్పుకొనేవారు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకొన్న ఫోర్డు, షెవ్రొలే బండ్లు దేశమంతటా అమ్మకానికి వచ్చాయి. 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తర్వాత డాడ్జి, ఫార్గో లారీలు బిగించారు. రెండు పేర్లే గాని దాదాపు ఒకటే బండి. మద్రాసు ప్రక్కన ఎన్నూరులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్, బ్రిటిషు లేలాండు కంపెనీతో కలిసి 1955లో అశోక్ లేలాండ్ అయింది. కామెట్ లారీ వారిదే. 1954లో టాటావారు జర్మనీ డెయిమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూరులో డీజిలు లారీలు చేయసాగారు. ఆ ఒప్పందం 1969లో ముగిసేవరకు ఆ లారీల ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. మా చిన్నతనంలో ఆ లారీని "టాటా బెంజి" అనేవాళ్ళం.

అదే కాలంలో బెజవాడలో మరొక పెద్ద మార్పు జరిగింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని ఎగువన 1954లో మొదలైన ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో పూర్తయింది. సుమారు 1,223 మీటర్ల ఆ బ్యారేజీ నీటిని నిలబెట్టింది. అంతకు తగ్గని మేలు మరొకటి చేసింది, తన మీద రోడ్డును మోసింది. గుంటూరు నుండి బెజవాడకు లారీ తన చక్రాల మీద తాను నేరుగా రావడం మొదలైంది. మద్రాసు-కలకత్తా రహదారి, హైదరాబాదు నుండి బందరుకు పోయే రహదారి బెజవాడలోనే కలుస్తాయి. నాడు వాటి అంకెలు 5, 9. 2010లో అంకెలు మార్చాక 16, 65. ఈ కూడలి వల్లనే బెజవాడ లారీల ఊరయింది.

లారీలున్నచోట మేస్త్రీలుంటారు. ఊరి నడుమ రోడ్డు వారల షెడ్లలో సాగిన పని, 1960 దశకంలో పటమట ప్రక్కన జవహర్ ఆటోనగర్ ఏర్పడ్డాక ఒకచోటికి చేరింది. తర్వాత గుంటూరులో, విశాఖ గాజువాకలో, హైదరాబాదులో కూడా ఆ పేరుతోనే వాడలు వెలిశాయి. ఆటోనగర్‌లో నడిస్తే ఒక్కొక్క వీధి ఒక్కొక్క శాస్త్రం. లేతు పని ఒకరిది, పంపు-నాజిలు ఒకరిది, కమాను కట్టలు ఒకరివి, రేడియేటర్లు ఒకరివి, కలపతో బాడీ కట్టడం ఒకరిది. విప్పిన లారీల భాగాలు అమ్మే అంగళ్ళు వేరు. ఒక బండి చచ్చిపోతే దాని అవయవాలు పది బండ్లలో బ్రదుకుతాయి.

గేజి తన ఇంజనుకు దూరమైనది ఇక్కడే. పెట్రోలు ఖర్చు భరించలేక పెట్రోలు లారీకి డీజిలు ఇంజను ఎక్కించడం ఒక కాలంలో మామూలు పని. తర్వాత, బోరు అరిగిన ఇంజను దింపి, ప్రమాదంలో పోయిన మరో లారీ ఇంజను ఎక్కించడం మామూలైంది. ఎక్కించిన ఇంజను ఫ్రేములో ముందు ఇరుసుకు తగులుతున్నదంటే, పాత చాంబరు తీసి లోతు వేరైన చాంబరు బిగిస్తారు. గొట్టం విరిగితే ఇంకో గొట్టం కోసి కొడతారు. గేజి పోతే దొరికిన గేజి పెడతారు. ప్రతి మార్పూ అవసరం నుండి పుట్టినదే. కాని గేజి మీది గీతలకు ఈ సంగతులు తెలియవు. అవి తమ పుట్టింటి లెక్కే చెబుతాయి.

దీనికి తోడు కొలతల గందరగోళం. ఇది చాలామంది గమనించని విషయం. పాత లారీల పుస్తకాల్లో నూనె పరిమాణం గ్యాలన్లలో ఉండేది. గ్యాలను రెండు రకాలు. బ్రిటిషు గ్యాలను 4.546 లీటర్లు. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. లేలాండు, బెడ్‌ఫర్డు పుస్తకాలు బ్రిటిషు లెక్క చెబితే డాడ్జి, ఫోర్డు, షెవ్రొలేలు పుట్టిన దేశపు లెక్క అమెరికా లెక్క. టాటా బెంజి వచ్చింది లీటర్ల దేశం నుండి. "మూడు గ్యాలన్లు పట్టును" అని అమెరికా పుస్తకంలో చూసి, బ్రిటిషు గ్యాలను డబ్బాతో కొలిచి పోస్తే ఏమవుతుంది? పట్టవలసినది 11.36 లీటర్లు, పోసినది 13.64 లీటర్లు. రెండు లీటర్ల పైచిలుకు ఎక్కువ.

మనకు ఇది కొత్త అనుభవం కాదు. ధాన్యం కొలిచే కుంచం ఊరూరికీ మారేది; ఒకే ఊళ్ళో కూడా తలకొట్టి కొలిచిన కుంచం వేరు, రాశిపోసిన కుంచం వేరు. కౌలు ధాన్యం కొలిచేనాడు ఎవరి కుంచం, ఎలా కొలవాలన్నది తగాదా. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 నుండి 1962 వరకు అంచెలంచెలుగా మెట్రిక్ పద్ధతి అమలయింది. 1957లో నయా పైసలూ వచ్చాయి. అంగట్లో సోల, తవ్వ పోయి లీటరు వచ్చింది గాని, అప్పటికే రోడ్డెక్కిన లారీల పుస్తకాలు గ్యాలన్లలోనే మిగిలిపోయాయి. ఆ పుస్తకాలు పోయాక, నోటిమాటగా "ఈ బండికి మూడు గ్యాలన్లు" అన్న లెక్క మాత్రం ఒక తరం మేస్త్రీ నుండి మరొక తరానికి చేరింది. ఏ గ్యాలనో చెప్పేవారు లేరు.

నూనె తక్కువైతే ఇంజను పాడవుతుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే కూడా పాడవుతుందన్నది అంతగా తెలియదు. గిర్రున తిరిగే క్రాంకు నూనెను తాకితే నూనె చిలకబడుతుంది. కవ్వంతో చిలికిన మజ్జిగ వలె నురుగెత్తుతుంది. నురుగులో గాలి ఉంటుంది. గాలి కలిసిన నూనె బేరింగులను కాపాడలేదు. పైగా సీళ్ళలో నుండి కారుతుంది, పిస్టన్ల ప్రక్కగా పైకెక్కి పొగగా మండుతుంది. ఆలోచనాపరుడైన మేస్త్రీ తక్కువకు ఎంత భయపడతాడో ఎక్కువకు కూడా అంత భయపడతాడు.

మరి గేజి మీద నమ్మకం లేని పాత లారీలో సరియైన మట్టం తెలుసుకోవడమెట్లా? ఆటోనగర్ పెద్ద మేస్త్రీలు అనుసరించిన పద్ధతి నేను స్వయంగా చూసినది, వివరంగా వ్రాస్తాను. ఎక్కడా వ్రాసి పెట్టకపోతే పోయే విద్య ఇది.

మొదట బండిని సమతలమైన గచ్చు మీద నిలపాలి. సమతలమా కాదా అన్నది కంటితో తేల్చరు. తాపీ మేస్త్రీ వద్దనుండి రసమట్టమో, నీళ్ళు నింపిన పారదర్శక గొట్టమో తెచ్చి చూస్తారు. ఇంజను వేడిగా ఉండగానే అడుగు నట్టు విప్పి, చివరి చుక్క దాకా నూనె దింపుతారు. ఫిల్టరు మారుస్తారు. నట్టు బిగిస్తారు. ఇప్పుడు ఆ ఇంజనుకు, ఆ చాంబరుకు పుస్తకం చెప్పిన లెక్క చూస్తారు. కనీసం ఎంత, అధికం ఎంత, ఫిల్టరు ఎంత మింగుతుంది అన్నవి మూడు అంకెలు. కనీసపు పరిమాణానికి ఫిల్టరు పరిమాణం కలిపి లీటరు కొలతతో పోస్తారు. ఇంజను కొద్ది నిమిషాలు నడిపి ఫిల్టరు నిండనిస్తారు. ఆపుతారు. పది పదిహేను నిమిషాలు ఆగుతారు, పైన చిక్కుకొన్న నూనె చాంబరులోకి దిగాలి గదా.

అప్పుడు గేజిని శుభ్రంగా తుడిచి, మెడ దాకా దింపి, తీసి చూస్తారు. తడి ఆగినచోట ఆకురాయితో సన్నని గీత గీస్తారు. అది క్రింది గీత. మిగిలిన నూనె పోసి, ఆగి, మళ్ళీ దింపి, రెండవ గీత గీస్తారు. అది పై గీత. లోతుగా కోయరు, లోతుగా కోస్తే ఏనాడో అక్కడ విరిగి ముక్క చాంబరులో పడుతుంది. గీసేముందు బద్ద రెండు ప్రక్కలా చూస్తారు. గొట్టం గోడకు అంటిన నూనె ఒక ప్రక్కను పైదాకా తడుపుతుంది. రెండింటిలో ఏది క్రిందుగా ఉంటే అదే నిజం. పాత తప్పు గీతలను ఆకురాయితో అరగదీసి చెరిపేస్తారు. ఈ చివరి పని మరిచినవాడు మొత్తం పని చేయనట్టే. ఒకే బద్ద మీద నాలుగు గీతలుంటే రేపు వచ్చే డ్రైవరు దేనిని నమ్మాలి?

పుస్తకమే దొరకనప్పుడు? చాంబరు దింపినప్పుడే కొలుస్తారు. నూనెను పీల్చే జల్లెడ ఎంత లోతున ఉన్నది, క్రాంకు తిరిగేటప్పుడు ఎంత క్రిందికి వస్తుంది అన్నవి రెండూ చూస్తారు. క్రింది గీత జల్లెడ పైన ఉండాలి, ఎగుడుదిగుళ్ళలో కూడా అది మునిగి ఉండేంత పైన. పై గీత క్రాంకు అందనంత క్రింద ఉండాలి. ఈ రెండు హద్దులూ ఇంజను శరీరంలోనే ఉన్నాయి. పుస్తకం చెప్పినా చెప్పకపోయినా అవి మారవు.

పండితుడనైన నాకు ఇక్కడ ఒక పోలిక తోచక మానదు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. వ్రాయసగాని చేతిలో అక్షరం మారవచ్చు. ఆ మార్పు తర్వాతి ప్రతులన్నింటికీ సంక్రమిస్తుంది. వ్రాసి ఉన్నది గదా అని నమ్మితే తప్పు కూడా పాఠమవుతుంది. ఛందస్సు, అర్థం, సందర్భం అనే హద్దులతో సరిచూసినప్పుడే సరియైన పాఠం తేలుతుంది. గేజి మీది గీత కూడా ఒక పాఠమే. క్రాంకు, జల్లెడ దాని ఛందస్సు.

ఈ విద్య విలువ నాకు తెలిసివచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. 2012 ప్రాంతంలో ఒకనాడు నా పూర్వ విద్యార్థి షెడ్డుకు దివిసీమ వైపు నుండి ఒక వరిగడ్డి లారీని తాడు కట్టి లాక్కొని వచ్చారు. కరకట్ట ఎక్కేచోట ఇంజను పట్టేసిందట. బేరింగులు కాలిపోయాయి, క్రాంకు గీసుకుపోయింది. యజమానికి ఉన్నది ఆ ఒక్క బండే. అప్పు తెచ్చి కొన్నది. అతని కోపమంతా డ్రైవరు మీద. నూనె చూడకుండా తోలాడని, రెండు నెలల జీతం ఇచ్చేది లేదని అందరి ముందూ అన్నాడు. డ్రైవరు యాభై దాటిన మనిషి. తలవంచుకొని నిలబడ్డాడు.

"అమ్మతోడు ఓనరు గారూ, పొద్దున్నే గేజి చూడందే నేను బండి తియ్యను. ఇవాళ కూడా పై గీత దగ్గరే ఉందండి" అన్నాడు.

"పై గీత దాకా ఉంటే ఇంజను ఎందుకు పట్టేస్తుందయ్యా?" అన్నాడు యజమాని. ఎవరికైనా ఆ ప్రశ్న న్యాయంగానే తోస్తుంది.

నా శిష్యుడు ఏమీ మాట్లాడలేదు. లారీని గచ్చు మీదికి నెట్టించాడు. గేజి తీసి చూశాడు. నూనె పై గీత దగ్గరే ఉంది. అడుగున ఎక్కడా కారిన జాడ లేదు. నట్టు విప్పి నూనె దింపించి లీటరు కొలతతో కొలిచాడు. తొమ్మిది లీటర్లు నిండలేదు. ఆ ఇంజనుకు చాంబరులో ఉండవలసినది పదమూడు. తర్వాత గేజిని అదే రకం ఇంజను గేజి ప్రక్కన పెట్టి చూపించాడు. మెడ నుండి కొస దాకా ఇది రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ పొడవు. పొడుగు గేజి లోతుకు దిగుతుంది. లోతున ఉన్న నూనెను చూపి నిండుగా ఉన్నదంటుంది. అంతకు రెండేళ్ళ ముందు ఎక్కడో ఇంజను మార్చినప్పుడు పాత ఇంజను గేజినే ఇందులో దించారు. చదును రోడ్డు మీద తక్కువ నూనెతోనే బండి లాక్కొచ్చింది. కరకట్ట ఎక్కేటప్పుడు నూనె వెనుకకు జారి జల్లెడ గాలి పీల్చింది. ప్రెషర్ మీటరు ఎప్పుడో పనిచేయడం మానేసింది కాబట్టి హెచ్చరించేది లేదు.

"ఇందులో డ్రైవరన్న తప్పేం లేదండీ. ఆయన రోజూ చూశాడు, ఉన్నదే చెప్పాడు. గేజే అబద్ధం చెప్పింది" అన్నాడు శిష్యుడు యజమానితో. తర్వాత నా వైపు తిరిగి, "అంతేగా మాస్టారూ?" అన్నాడు. అన్నింటికీ తల ఊపడం తప్ప నేను చేసినదేమీ లేదు.

యజమాని చాలాసేపు ఆ రెండు గేజిలనూ చేతుల్లో త్రిప్పి త్రిప్పి చూశాడు. జీతం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ డ్రైవరు చేతనే టీ తెప్పించి, మొదటి గ్లాసు అతనికే ఇచ్చాడు. ఇంజను బాగవడానికి అయిన ఖర్చు తగ్గలేదు, అప్పు తీరలేదు. కాని ఒక మనిషి మాట నిలబడింది. కొలత తప్పినచోట నిజం చెప్పేవాడు కూడా దొంగ అవుతాడని ఆనాడు నాకు బోధపడింది.

గేజి సరియైనదని తేలాక కూడా రోజూ చూసే పద్ధతి ఒకటుంది. ఇప్పటికీ పాత బండ్లు నడిపేవారి కోసం దానిని కూడా చెబుతాను. ఉదయం ఇంజను తిప్పకముందు చూడడం శ్రేష్ఠం. రాత్రంతా దిగిన నూనె స్థిరంగా ఉంటుంది. దారిలో చూడవలసివస్తే ఆపి కనీసం పది నిమిషాలు ఆగాలి. బండి నిలిచిన నేల ముఖ్యం. మన డెల్టా చదునైనదని పేరే గాని మన రోడ్లు చదునైనవి కావు. కాలువ గట్ల మీది రోడ్లు నడుమ ఉబ్బి, అంచులకు వాలి ఉంటాయి. అంచున నిలిపిన లారీ ఎడమకు ఒరుగుతుంది. గేజి ఎడమ ప్రక్కన ఉంటే నూనె ఉన్నదానికంటె ఎక్కువ కనిపిస్తుంది, కుడి ప్రక్కన ఉంటే తక్కువ. పాత డ్రైవర్లు ఈ కారణంగానే పెట్రోలు బంకు గచ్చు మీదనో, ధాన్యం మిల్లు కళ్ళంలోనో చూసేవారు.

మొదటిసారి తీసిన గేజిని లెక్కపెట్టరాదు. దారంతా చిమ్మిన నూనె దానికి అంటి ఉంటుంది. తుడిచి, పూర్తిగా దించి, రెండవసారి తీసినదే లెక్క. తుడిచే గుడ్డ నూలు పోగులు రాలనిది కావాలి. రెండు గీతల నడుమ ఎక్కడున్నా సరే. ప్రతిరోజూ పై గీతకు తాకించాలని కొంచెం కొంచెం పోయనక్కరలేదు. డీజిలు ఇంజనులో నూనె మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం ఆ నూనె ధర్మం కనుక నలుపును చూసి బెదరనక్కరలేదు. బెదరవలసినది పోయకుండానే మట్టం పెరిగినప్పుడు. డీజిలు వాసన వేసి పలచబడితే డీజిలు కలుస్తున్నది; పాలవలె తెల్లబడితే నీరు చేరింది. రెండింటిలోనూ బండి కదపరాదు. "తగ్గితే పోసుకోవచ్చు మాస్టారూ, పెరిగితే మాత్రం ఇంజను ఏదో చెబుతున్నట్టు" అనేవాడు నా శిష్యుడు.

ఈ చూడడమంతా ఒకప్పుడు క్లీనరు పని. తెల్లవారుజామున లేచి నూనె, నీరు, బెల్టు, టైర్లు చూసి డ్రైవరుకు చెప్పేవాడు. అదే అతని బడి. క్లీనరుగా చేరినవాడు డ్రైవరయ్యేవాడు. పసివయసులో షెడ్లకు, లారీలకు వచ్చి చదువు పోగొట్టుకొన్న పిల్లలను నేను ఎరుగుదును. ఆ రోజులు తిరిగి రావాలని ఉపాధ్యాయుడిగా నేను ఎన్నటికీ కోరను. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది, మంచిదే అయింది. అయితే పిల్లలు బడికి వచ్చాక ఆ విద్య ఎక్కడికి పోవాలో మనం ఆలోచించలేదు. షెడ్డులోని విద్యకు పుస్తకం లేదు, బడిలోని పుస్తకంలో ఆ విద్య లేదు.

ఇప్పుడు ఆ బండ్లు కూడా వెళ్ళిపోతున్నాయి. 2020 ఏప్రిల్ నుండి బీఎస్-6 ప్రమాణాల వాహనాలు వచ్చాయి. వాటి నూనె రకం వేరు. ఇంజను సంగతులు కంప్యూటరు పెట్టె చూసుకొంటుంది. 2021లో పాత వాహనాలను తుక్కుకు పంపే విధానాన్ని కేంద్రం ప్రకటించింది. పొగ తగ్గడం, రోడ్డు మీద ప్రాణాలు నిలవడం ముఖ్యం. వాటి విషయమై నాకు విచారం లేదు. 2022లో జిల్లాల విభజనతో బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, దివిసీమ కృష్ణా జిల్లాలోకి వెళ్ళాయి. హద్దులు మారుతూనే ఉంటాయి.

నా విచారం మరొకటి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశాన్ని 1962లో వ్యవసాయ పదాలతో ప్రారంభించారు. ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలు సేకరించి కూర్చిన మహత్తర కార్యమది. తర్వాత చేనేతకు కూడా కోశం వచ్చింది. చాంబరు, గేజి, కమాను కట్ట, బోరు, పట్టేయడం, లైనుకు పోవడం అనే ఈ మాటలు కూడా మన తెలుగే. ఇంగ్లీషు నుండి వచ్చినవి కొన్ని ఉండవచ్చు. మన మేస్త్రీల నోట వాటి అర్థం మారింది, ఉచ్చారణ మారింది, వాటి చుట్టూ ఒక జ్ఞానం పేరుకొన్నది. ఇంగ్లీషువాడు చాంబరంటే గది అనుకొంటాడు. ఆటోనగర్‌లో అది నూనె తొట్టి. ఈ మాటలతో పాటు ఆ జ్ఞానమూ నమోదు కావాలి. చేయవలసినవారు విశ్వవిద్యాలయాలవారే కానక్కరలేదు. తెలుగులో టైపు చేయగలిగిన మనమంతా తలా ఒక టపా వ్రాసినా చాలును.

కాబట్టి మిత్రులకు ఒక మనవి. మీ తండ్రిగారో, మేనమామగారో లారీ నడిపి ఉంటే, షెడ్డు నడిపి ఉంటే, వారిని ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఏ బండి నడిపారు, ఎన్ని లీటర్లు పట్టేది, గేజిని మీ వైపు ఏమనేవారు, దారిలో ఇంజను పట్టేస్తే ఏం చేసేవారు అని. చెప్పినది చెప్పినట్లు వ్రాసి పెట్టండి. వారి లెక్క గ్యాలన్లలో ఉంటే మాత్రం, ఏ గ్యాలనో తప్పక అడగండి.